‘షేమ్’ అనే మాట వెంట స్టాంగర్ దాకా

మా ఆవిడ సుభద్ర పోయిన రెండో నెలలో వంటింట్లో పోలమ్మగారి జంతికల గొట్టం కనిపించింది. సుభద్ర అరువు తెచ్చుకున్నది. పోలమ్మగారిది డర్బన్‌కు ఉత్తరాన ఉన్న స్టాంగర్. ఎప్పుడో చెరుకు తోటల్లోకి కూలికి వచ్చిన మన కోస్తావాళ్ళ మనవరాలు. ఆమె ఇంట్లో ఫోను లేదు, సుభద్ర సంగతి తెలియదు. గొట్టం ఇచ్చి, ఆ కబురు చెప్పి రావడానికే ఈ ప్రయాణం. ఇక్కడ నల్లవాళ్ళకు ఓటు వచ్చి కొత్త ప్రభుత్వం ఏర్పడిన మరుసటి ఏడు అది. నేను డర్బన్ పక్కనున్న చాట్స్‌వర్త్‌లో లెక్కల మాస్టారిని. అప్పటికే చాలామందికి చెప్పాను. చెప్పగానే ఎలా, ఎప్పుడు, ఏ ఆస్పత్రి అని అడిగేవారు. అదంతా మళ్ళీ మొదటినుంచీ చెప్పే ఓపిక నాలో మిగల్లేదు.

చాట్స్‌వర్త్ నుంచి డర్బన్ మార్కెట్ దాకా ఒక మినీబస్ టాక్సీ, అక్కడినుంచి స్టాంగర్‌కు ఇంకొకటి. నిండితే గానీ బండి కదలదు. ఎనిమిదింటికి ఎక్కితే తొమ్మిది దాటాక బయలుదేరింది. అక్కడినుంచి గంట ప్రయాణం, టికెట్టు అప్పట్లో పది రాండ్ల లోపే. ఆ డబ్బు వెనక వరుసల నుంచి చేతులు మారుతూ డ్రైవరు దాకా వెళుతుంది.

నా పక్కన జూలూ తల్లి ఒళ్ళో పసిబిడ్డ ఆవలించింది. ముందు వరుసలోని భారతీయ ముసలామె వెనక్కి తిరిగి, బుగ్గ తాకి, “షే...మ్” అని సాగదీసింది. దారిలో ఉమ్‌హ్లాలి ఊరి దగ్గర ఒకతను చెయ్యెత్తి బండి వెంట పరిగెత్తాడు. “షేమ్, డ్రైవర్, ఆపు” అంది ఆమే.

“గోగో, నీకు జాలి ఎక్కువ, నా బండిలో చోటు తక్కువ” అన్నాడు డ్రైవరు. గోగో అంటే జూలూలో అమ్మమ్మ. అన్నాడు గానీ ఆపాడు.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఆ మాట నాకు కొరుకుడు పడలేదు. సుభద్రే చెప్పింది: “వీళ్ళ షేమ్‌లో సిగ్గేం లేదండీ. మన ‘పాపం’ లాంటిదే. కాకపోతే ముద్దొచ్చినా ఇదే అంటారు.”

పోలమ్మగారి గేటు బయటే నిలబడ్డాను. ఏడాది తిరగనిదే మరొకరి గడప తొక్కకూడదని మాలో పట్టింపు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా వెనక్కి చూసింది.

“మరిదీ, సెల్లి ఏదీ? బిహైండ్ వస్తందా?”

“లేదండీ. సుభద్ర పోయింది.”

ఆమె నా చేతిలోని గొట్టం అందుకుంది. “షేమ్” అంది మెల్లగా. ప్రశ్నల కోసం నిలబడ్డాను. ఒక్కటీ రాలేదు.

“లోనికి రా. ఎండ టూ మచ్.”

“ఏడాది తిరగలేదండీ. గడప తొక్కకూడదు...”

“గడప నాది. రమ్మన్నది నాను. కమ్.”

అన్నం, బీన్స్ కూర, చింతపండు పులుసు పెట్టింది. తనూ ఎదురుగా కూర్చుని తింది. రెండు నెలల్లో మారు అన్నం అడిగి పెట్టించుకున్నది ఆ రోజే. గొట్టాన్ని పైటకొంగుతో తుడుస్తూ, “నాకన్నా సెల్లే మంచిగ సేసేది మురుకు. షే...మ్” అంది. ఈసారి పసిబిడ్డను చూసి అన్నట్టే అంది.

లేచి, అలవాటుగా “వెళ్ళొ...” అని ఆపేశాను. చావు కబురు తెచ్చినవాడు మళ్ళీ వస్తాననకూడదు.

“ఏల ఆపినావు? ఫుల్‌గా సెప్పు.”

“వెళ్ళొస్తానండీ.”

“సాటర్డే రా.”

తిరుగు బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్ళు తేలికపడి, డర్బన్ దాకా నిద్రపోయాను. ‘షేమ్’ అన్నవాళ్ళకు ఏదీ వివరించనక్కర్లేదని ఆ రోజు తెలిసింది. తల ఊపితే చాలు, ఊపకపోయినా ఏమీ అనుకోరు. ఆ శనివారం మళ్ళీ వెళ్ళాను.

అటు వెళ్ళేవారికి ఒక సూచన: చీకటి పడితే స్టాంగర్ నుంచి టాక్సీలు దొరకవు. ఎవరింటికి వెళ్ళినా అన్నం పెట్టకుండా పంపరు కనుక పొద్దున్నే బయలుదేరండి.