తెగినా ఆగని బొమ్మ

ఇవాళ పొద్దున చాయ్ తాగుతూ టీవీలో వార్తలు చూస్తుంటే కోదాడ నుంచి మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, ఫోన్ చేసి, "అన్నయ్యా, చివ్వెంల కాడ రోడ్డు పనిలో మన ఫైబర్ తెగింది, మీకు తెలిసిందా?" అన్నాడు. నాకేం తెలుసు, నా ముందర బొమ్మ చక్కగా నడుస్తూనే ఉంది! మా సూర్యాపేట పక్కన తెగిన తీగ సంగతి కోదాడలో కూర్చున్నవాడు నాకు చెప్పడమా? ఒళ్ళు మండిపోయింది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డాబా మీంచి డాబా మీదికి నల్ల కేబుల్ లాగి ఇంటింటికీ బొమ్మ ఇచ్చిన రోజులు. సూర్యాపేటలో మా వాడకు ఆ పని చేసింది నేనే. గాలివానకు తీగ తెగి ఆదివారం సినిమా మధ్యలో ఆగిపోతే వాడంతా గుమ్మాల్లోకి వచ్చి, "అన్నా, బొమ్మ పోయింది, జర సూడే!" అని కేకలేస్తుంటే, నిచ్చెన భుజాన వేసుకుని పెళ్ళికొడుకులా నడిచేవాణ్ణి.

తర్వాత ఫైబర్ వచ్చింది. టీవీ, నెట్, ఫోను మూడూ ఒకే తీగలో. మిర్యాలగూడలో మా మామగారు, కోదాడలో తోడల్లుడు, ఇక్కడ నేను, ముగ్గురం కేబుల్ వాళ్ళమే కాబట్టి కలిసి ఒకే నెట్‌వర్క్ వేసుకుందామని, ఎవరి ప్లాన్ నెగ్గితే వాళ్ళ ఊళ్ళోనే దాన్ని కనిపెట్టి చూసే కంట్రోల్ రూం అని అనుకున్నాం. ఆ గది మీద నేను ప్రాణం పెట్టుకున్నాను. సూర్యాపేట నుంచి కోదాడకు ఒక దారి, మిర్యాలగూడకు ఒక దారి తిన్నగా గీశాను. పైగా రెండు ఊళ్ళూ నా చేతి కింద ఉంటాయి. తోడల్లుడేమో కోదాడ నుంచి మిర్యాలగూడకు ఇంకొక్క గీత కలిపి చుట్టూ తిప్పాడు. ఒక పక్క తెగితే రెండో పక్క నుంచి వస్తుందట.

దసరాకు అత్తగారింట్లో భోజనాల దగ్గర తేలిపోయింది. పెద్దల్లుణ్ణని ఎప్పటిలాగే ముందు నాకే వడ్డించారు. మూడూ ఒకే తీగలో పోతే ఒకదాన్నొకటి తొక్కుకోవా అని మామగారు అడిగితే, వాడు నా విస్తరి చూపించి, "పెద్దల్లుడికి ముందు వడ్డిస్తారు కదా మామయ్యా, అట్లాగే ఫోను మాటకు ముందు దారి ఇస్తాం, తర్వాత బొమ్మ. నెట్టు నాలాగా కాసేపు ఆగినా ఏం కాదు" అన్నాడు. ఇల్లంతా నవ్వింది, మా ఆవిడతో సహా! మామగారు నవ్వు ఆపుకుని, "గిట్ల చెప్తె నాకు సుత సమజైతది. గది కోదాడలనే పెట్టుర్రి" అన్నారు. నెయ్యి నాకు ముందు పడింది, మెప్పు మాత్రం పక్క విస్తట్లో పడింది.

ఇప్పుడు వాడి గదిలో గోడంత తెర, దాని మీద మూడు ఊళ్ళూ పచ్చ చుక్కలు. తెగిన చోట ఎర్రబడుతుంది, బొమ్మ రెండో దారిన వచ్చేస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. పోనీ, వాడు పొగరుబోతైనా కాదు. ఏం జరిగినా ముందు నాకే ఫోన్ చేస్తాడు. అదే ఇంకా కడుపుమంట.

ఇవాళ ఫోన్ పెట్టేశాక గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. వాడలో ఇంటింటా టీవీలు మోగుతూనే ఉన్నాయి, అన్నా అని పిలిచిన గొంతు ఒక్కటీ లేదు. లోపల్నుంచి మా ఆవిడ, "గాడ ఎవ్వరి కోసం సూస్తున్నవ్? టీవీ మంచిగనే వస్తుంది గద!" అంది.

అదే కదా నా బాధ.