నన్నడిగి పొడిగించండి

మా వదిన కొట్టులో వెనక గోడ నుంచి తలుపు దాకా కట్టిన నైలాన్ తాడు ఒకటుంది. పొడవు తగ్గించాల్సిన పాంట్లు, జిప్పు మార్చాల్సిన కోట్లు, నడుము దగ్గర వదులు చేయాల్సిన గౌన్లు అన్నీ హ్యాంగర్లకెక్కి దాని మీద వరసగా వేలాడుతుంటాయి. ఇవ్వాల్సిన రోజు దగ్గరపడే కొద్దీ బట్ట తలుపు వైపు జరుగుతుంది. తలుపు పక్కకు చేరిందంటే ఆ రోజే ఇచ్చేయాలి. క్యాలెండర్ మీద ఆమెకు నమ్మకం లేదు. "అది చూస్తే చెబుతుంది, చూడకపోతే నోరు మూసుకుని కూర్చుంటుంది. అదే తలుపు దగ్గర కోటయితే పోతూ వస్తూ మొహానికి తగులుతుంది" అంటుంది.

కొట్టంటే వాళ్ళ ఇంటి ముందుగదే. వెనక గదుల్లో అన్నయ్య, వదిన, మా అమ్మ ఉంటారు. మేడ మీద గదిలో నేను. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. పెళ్ళి చేసుకోవడం ఎప్పుడో మర్చిపోయాను కాబట్టి రెండు పూటలా భోజనం వదిన చేతిదే. అన్నయ్య కూతురు రెండు వీధుల అవతల కాపురం ఉంటుంది. అది ఆఫీసు నుంచి వచ్చేదాకా దాని పాపను చూసుకునేదీ వదినే.

మా టీవీలోకి యాప్‌లు వచ్చిపడ్డాక అమ్మకు సీరియళ్ళది, అన్నయ్యకు ఫుట్‌బాల్‌ది, పాపకు బొమ్మలది, వదినకు సినిమాలది అమిరాయి. ఒక్కోదాని గడువు ఒక్కో తేదీన తీరుతుంది. మనం వద్దని చెప్పకపోతే తనంతట తానే మళ్ళీ మొదలై బ్యాంకులోంచి డబ్బు లాక్కుంటుంది. ఈ సంగతి తెలిసిన రోజున వదిన మిషను ఆపేసి, "అడక్కుండానా?" అంది. అడగరు వదినా, పద్ధతే అంత అన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళి నాలుగు పాత బట్టలు తెచ్చి తాడుకు తగిలించింది. అమ్మ చిరుగుల శాలువా సీరియళ్ళు. అన్నయ్య బూడిదరంగు పాంటు ఫుట్‌బాల్. పాపకు పొట్టయిపోయిన గౌను బొమ్మలు. సినిమాలకు తన పాత రెయిన్‌కోటు తగిలించింది. అదెందుకని అడిగితే, నేను చూసేవన్నీ ఏడుపు సినిమాలే గదా అంది.

బట్ట తలుపు దగ్గరికి రాగానే ఆ యాప్‌ను కత్తిరించేది. ఆమె మాట అదే, కత్తిరించడం. మళ్ళీ చూడాలని బుద్ధి పుడితే అప్పుడు చేరేది. ఫోను మిషను మీద నిలబెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడేది. నిజంగానే వెళ్ళిపోతున్నారా అని తెర మీద వస్తే "ఆఁ" అనేది. తర్వాత కన్నీళ్ళు కారుస్తున్న బొమ్మ మొహం వచ్చేది. "ఏడు" అనేది. ఉండిపోతే సగం ధరకే ఇస్తామని వస్తే, "మరి ఇన్నాళ్ళూ ఆ ముక్క కడుపులో దాచుకున్నావేం?" అని నిలదీసేది. బట్టల కోసం వచ్చినవాళ్ళు నిలబడి వింటుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకసారి చేయి చిరిగిన చొక్కా పట్టుకుని వచ్చిన పెద్దావిడ, వదిన తన అల్లుడితో తెగతెంపులు చేసుకుంటోందనుకుని, పోనీలే అమ్మా, చిన్నవాడు, ఈసారికి వదిలెయ్యి అని బతిమాలింది.

అన్నీ సవ్యంగానే జరిగేవి, వదిన పన్ను పీకించుకోవడానికి వెళ్ళకపోయి ఉంటే. ఆ రోజు కొట్టులో కూర్చున్నది అన్నయ్య. నీటి మీటర్లు చూసే ఉద్యోగం ఆయనది. ఏ ఇంటి మీటరు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాడు గానీ తన చెప్పులెక్కడున్నాయో చెప్పలేడు. బీమా ఆఫీసాయన వచ్చి, నా బూడిదరంగు పాంటు అయిందా అండీ అన్నాడు. తలుపు పక్కనే బూడిదరంగు పాంటు కనబడుతోంది. తలుపు పక్కనుంటే ఇచ్చేయాలన్నది ఆ ఇంటి చట్టం. అన్నయ్య దాన్ని మడిచి సంచిలో పెట్టి, దండం పెట్టి మరీ ఇచ్చాడు. సొంత పాంటును గుర్తుపట్టని మనిషి ఉంటాడా అనకండి, మీరు మా అన్నయ్యను చూడలేదు. వదిన బుగ్గ ఉబ్బించుకుని తిరిగొచ్చి తాడు వంక చూసింది. తలుపు పక్కన ఖాళీ. అంటే ఇవాళ కత్తిరించాల్సిందేమీ లేదు. వెళ్ళి పడుకుంది.

నాలుగు రోజులకు బీమా ఆఫీసాయన మళ్ళీ వచ్చాడు, గొడవకు కాదు, మెచ్చుకోవడానికి. ఇంత హాయిగా నడుముకు అమరిన పాంటు తన జన్మలో తొడుక్కోలేదన్నాడు. వదిన ఆయన నడుము చూసింది, మోకాలి దగ్గర తను వేసిన రఫూ చూసింది, అక్కడే స్టూలు మీద కూలబడింది. తర్వాత ఆయన పాంటు ఆయనకిచ్చి, అన్నయ్యది వెనక్కి తీసుకుంది. కానీ ఆ సరికే ఫుట్‌బాల్ యాప్ మళ్ళీ మొదలైపోయింది. అది నెలవారీది కాదు, ఏడాదిది.

కంపెనీకి ఫోను చేసింది. అటునుంచి అమ్మాయి మర్యాదగా, ఇది ఆటోమేటిక్‌గా జరిగింది మేడమ్, ఎవరూ చేసింది కాదు అంది.

"ఎవరూ చేయకపోతే నా డబ్బు ఎవరి దగ్గరుందమ్మా?"

ఆ అమ్మాయి, పైవాళ్ళకు చెబుతాను మేడమ్ అని పెట్టేసింది. పైవాళ్ళు ఇంకా పైనే ఉన్నారు. వదిన టీవీ పెట్టి, కట్టాం కాబట్టి చూడాల్సిందే అని ఇంటిల్లిపాదినీ ఫుట్‌బాల్ ముందు కూర్చోబెట్టింది. ఇష్టం లేకుండా కూర్చున్న అమ్మ రెండో ఆటకే రిఫరీని తిట్టడం మొదలుపెట్టింది.

ఇది కూతురి చెవిన పడింది. ఆదివారం వచ్చి, తల్లి ఫోను తీసుకుని, సోఫాలో కూర్చుని, కాసేపట్లో నాలుగు యాప్‌లనూ తన ఫోనులోకి మార్చేసుకుంది. పాస్‌వర్డులు కూడా మార్చేసింది. ఇకమీదట అన్నీ ఆటోమేటిక్, అమ్మకు ఈ తలనొప్పి వద్దు, ఈ వయసులో తాళ్ళూ హ్యాంగర్లూ ఏంటి అంది. అన్నయ్య మంచి పని చేశావన్నాడు. నేనూ తలూపాను. వదిన తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"నన్నడిగావా?"

"ఇందులో అడగడానికేముందమ్మా? నీ మంచికే గదా."

వదిన కొట్టులోకి వెళ్ళి శాలువా, గౌను, రెయిన్‌కోటు, పాంటు తాడు మీదనుంచి తీసేసింది. కోడలుగా ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమె మాట్లాడకపోతే మేము అంతా సర్దుకుందనే అనుకుంటాం. ఆ రోజూ అలాగే అనుకుని నిద్రపోయాం.

మర్నాడు పొద్దున దుకాణానికి బయల్దేరుతూ కిందికి దిగాను. రోజూ నా క్యారేజీ ఉండే బల్ల ఖాళీగా ఉంది. క్యారేజీ సంచి మాత్రం కొట్టులో, తాడు మీద, తలుపు పక్కన హ్యాంగరుకు వేలాడుతోంది. ఉతికి ఆరేసిందేమో అనుకున్నాను.

"వదినా, క్యారేజీ?"

"మీ గడువు నిన్నటితో తీరిందండీ."

ఎప్పుడూ నన్ను 'అద్దాల బాబూ' అని పిలిచి 'నువ్వు' అనే మనిషి. తన పెళ్ళయిన కొత్తలో కొన్నాళ్ళు 'మీరు' అంది, మళ్ళీ ఇదే. గడువేమిటని అడిగాను. దారం పంటితో తెంపి, చేతిలో సూదితోనే తాడును చూపించింది. నా సంచి వెనక అన్నయ్య చొక్కా కాలరు ఒకటి, అంటే పొద్దున్నే ఇస్త్రీ. దాని వెనక పాప మేజోళ్ళ జత, సాయంత్రాలు పాపను చూసుకోవడం. ఆ చివరన అమ్మ దువ్వెన పెట్టుకునే గుడ్డసంచి, తల దువ్వి జడ వేయడం.

"ఇంకో నెల కావాలంటే అడగండి, పొడిగిస్తాను. అడక్కుండా ఈ ఇంట్లో ఇకమీదట ఏదీ తనంతట తాను సాగదు."

నవ్వాను. ఆమె నవ్వలేదు. జిప్పు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ బల్ల దగ్గర నిలబడి మమ్మల్ని మార్చి మార్చి చూస్తోంది. ఆవిడ వెళ్ళేదాకా ఆగుదామంటే దుకాణానికి ఆలస్యమవుతోంది. ఇంతకాలం తిన్న భోజనం ఒక్కసారైనా అడిగి తిన్నానా అని వెతుక్కుంటే, కూరలో ఉప్పు తక్కువైందేమని అడగడం తప్ప ఇంకేమీ గుర్తురాలేదు.

"వచ్చే నెల కూడా నాకు భోజనం పెడతావా వదినా?"

పెట్టండమ్మా పాపం, అంది జిప్పు ఆవిడ. వదిన నా సంచిని తాడు ఆ చివరికి జరిపి, మిషను కింద నుంచి క్యారేజీ తీసి ఇచ్చింది. వేడిగానే ఉంది.

అన్నయ్య అడగనన్నాడు. నలిగిన చొక్కాతో మీటర్లు చూడటానికి వెళ్ళాడు. మీటర్లు ఏమీ అనలేదు గానీ, ఆఫీసులో అందరూ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగారట. మర్నాడు బుద్ధిగా కాలరు చేత్తో పట్టుకుని వచ్చి అడిగాడు. ఆ సాయంత్రానికి తలుపు పక్కకు పాప మేజోళ్ళు వచ్చాయి.

కూతురు ఆఫీసు నుంచి నేరుగా వచ్చి వాటిని చూసింది. విషయం అప్పటికే అన్నయ్య ఫోనులో చెప్పి ఉన్నాడు. దాని మొహం ఎర్రబడింది.

"అమ్మా, నేను నీ కూతుర్ని. నేనేమన్నా యాప్‌నా, తారీఖు చూసి తీసెయ్యడానికి?"

"నువ్వు కాదు తల్లీ, నేను. మీ అందరికీ తనంతట తాను నడిచేది నేనే గదా. నా పాస్‌వర్డు కూడా నువ్వే మార్చుకుపోయావు."

అది పాపను ఎత్తుకుని, ఒంటి కాలి చెప్పుతోనే విసురుగా వెళ్ళిపోయింది. వదిన మిషను తొక్కుతూనే ఉంది, కానీ నేను చూశాను, సూదిలో దారం లేదు. మేజోళ్ళు తీసి ఇచ్చేద్దాం, చిన్నపిల్లతో పంతమేంటి అన్నాను. "పంతం పాపతో కాదు. దానికి నేను కావాలి, నాకూ అది కావాలి. కావాలని ఒక మాట అనడానికి వాళ్ళమ్మకు నోరు రాకపోతే ఎలా?" అంది. రెండు రోజులు పాప రాలేదు. మూడో రోజు అల్లుడు ఫోనులో సందేశం పంపాడు, దండాలు పెట్టే బొమ్మలతో. నీ సంగతి కాదు నాయనా, దాన్ని రమ్మను అని వదిన జవాబిచ్చింది. ఆ రెండు రోజులూ ఆమె సరిగ్గా తినలేదు. అయినా మేజోళ్ళను తలుపు పక్క నుంచి వేలెడు కూడా కదపలేదు.

శనివారం కూతురు వచ్చింది. చెప్పు కోసం వచ్చినట్టు చెప్పు వెతుక్కుంది. చెప్పు దొరికాక కూడా నిలబడే ఉంది. చివరికి గోడ వైపు తిరిగి, "సాయంత్రాలు పాపను చూస్తావా అమ్మా? నీకు వీలైతే" అంది. వీలు చేసుకుంటాలే అంది వదిన, మరీ తొందరగా. కూతురు ఫోను తీసి, ఎవరూ అడక్కుండానే, నాలుగు యాప్‌లనూ తల్లికి తిరిగి అప్పగించి, పాస్‌వర్డు నువ్వే పెట్టుకో, నాకు చెప్పకు అని మొహం తిప్పుకుంది.

మిగిలింది మా అమ్మ. దువ్వెన సంచి తలుపు పక్కకు వచ్చిన రోజున చేతికర్ర టకటకలాడించుకుంటూ కొట్టులోకి వచ్చింది. తల రేగిపోయి ఉంది.

"నేనడగను. ఏం చేస్తావో చేసుకో."

"జడ ఉండదు అత్తయ్యా."

అమ్మ కొంగు చాటు నుంచి బొత్తాల డబ్బా తీసి, మూత బిగించి, హ్యాంగరుకు తగిలించడానికి తంటాలు పడింది. వదిన కొట్టులోకి వచ్చే బొత్తాలన్నీ రంగు చూసి, సైజు చూసి వేరుచేసేది అమ్మే. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె మానలేదు. డబ్బా హ్యాంగరు మీద నిలవక జారి, మూత ఊడి, బొత్తాలన్నీ గదంతా దొర్లాయి. "నాదీ అయిపోయింది. కావాలంటే నువ్వడుగు" అంది అమ్మ.

వదిన నేల మీది బొత్తాలను చూసింది, అత్తగారిని చూసింది. "బొత్తాలు ఏరిపెడతారా అత్తయ్యా, వచ్చే నెల కూడా?" అని అడిగింది. ఆలోచించి చెబుతాను అని అమ్మ స్టూలు మీద కూర్చుని, జడ వేయమన్నట్టు వీపు ఇటు తిప్పింది. వదిన నోటితో అడగమంది. అమ్మ సణిగింది. ఏం సణిగిందో మాకు వినబడలేదు గానీ, వదిన దువ్వెన అందుకుంది.

తాడు మీద ఇప్పుడు మా అందరి బట్టలూ ఉన్నాయి, యాప్‌లవీ మనుషులవీ కలిసి. అన్నయ్య పాంటు అన్నిటికన్నా ఆ చివరన ఉంది, తలుపుకు ఏడాది దూరంలో. మొన్న బీమా ఆఫీసాయన వచ్చి దానికేసి ఆశగా చూసి, ఆ పాంటు నాకు అమ్ముతారా అని అన్నయ్యను అడిగాడు.

"పాంటు నాదేనండీ, ఇమ్మంటే ఇచ్చేద్దును. కానీ అది ఫుట్‌బాలు. ఆవిణ్ణి అడగాలి" అన్నాడు అన్నయ్య.