బోరు వార్తలో నా పేరు

సెల్‌ఫోను సిగ్నలు కోసం మనుషులు బండరాళ్ళెక్కే ఆ రోజుల్లో నేను డుంబ్రిగుడ మండలానికి ఒక దినపత్రిక విలేకరిని. విలేకరినని నేను అనుకునేవాణ్ణి, మా ఊరు అనుకునేది, పోలీస్ స్టేషన్లో రైటరు కూడా అనుకునేవాడు (లేకపోతే అన్నిసార్లు టీ ఎందుకు తాగిస్తాడు?). అనుకోనిది ఒక్క విలేకరుల సంఘమే. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మామీద రాసేటప్పుడు 'ప్రజాస్వామ్యానికి కళ్ళూ చెవులూ' అంటారు. సభ్యత్వం ఇవ్వమని వెళితే ఆ కళ్ళూ చెవులూ జిల్లా కేంద్రంలోనే పుడతాయన్నట్టు మాట్లాడతారు. మా జిల్లా సంఘం అధ్యక్షులవారైతే నా దరఖాస్తును చివరి వరకూ చదవను కూడా లేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, "నువ్వు కంట్రిబ్యూటర్‌వి తమ్ముడూ, వర్కింగ్ జర్నలిస్టువి కాదు కదా" అన్నారు. వర్కింగ్ కాదట! చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలిలోతు గెడ్డ దాటి, జలగలు పీకేసుకుంటూ నేను వార్త తెచ్చేది విహారయాత్ర అన్నమాట.

ఆ ఉక్రోషంతోనే పశువుల ఆసుపత్రి వెనక బండరాయి ఎక్కి (సిగ్నలు అక్కడే దొరికేది) ప్రపంచంలో ఇంకెక్కడైనా నన్ను చేర్చుకునే సంఘం ఉందేమోనని ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. ఎన్ని సంఘాలండీ బాబూ! సంపాదకులకొక సంఘం, ఫొటోలు తీసేవాళ్ళకొకటి, ఆటల గురించి రాసేవాళ్ళకొకటి, సైన్సు రాసేవాళ్ళకొకటి, ప్రయాణాల మీద రాసేవాళ్ళకొకటి. పూలతోటల గురించి రాసేవాళ్ళకు కూడా వేరే సంఘం, దానికొక అధ్యక్షుడు, ఏటా ఒక విందు. గులాబీకి చీడ పడితే రాసేవాడికి గుర్తింపు ఉంది, ఊరికి జ్వరాలొస్తే రాసేవాడికి లేదు. బండరాయి మీద కూర్చుని నాలుగు ఖండాల వాళ్ళనీ తిట్టాను. వాళ్ళకు తెలుగు రాకపోవడం వాళ్ళ అదృష్టం.

సరిగ్గా అప్పుడే ఆ ప్రపంచ సంఘాల్లో ఒకటి తన కాళ్ళతో తానే అరకు వచ్చింది. ఊరి బయట ఒక రిసార్టులో రెండు రోజుల సదస్సు. గేటు మీద బ్యానర్: 'మారుమూల విలేకరికి ప్రపంచ వేదిక'. మారుమూల అంటే ఇంకెవరు, నేనే కదా! అక్కడ చేరితే సభ్యత్వం ఇస్తారని, దాంతోపాటు ఫొటో ఉన్న కార్డు ఇస్తారని తెలిసింది. ఆ కార్డు మెళ్ళో వేసుకుని అధ్యక్షులవారి ఎదురుగా నిలబడి, ఏమీ మాట్లాడకుండా, ఒక్క నిమిషం అలా నిలబడాలి. నా కోరిక అంతే. కానీ రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి ఎంతో మర్యాదగా, "మీ పేరుతో అచ్చయిన వార్తలు మూడు కావాలి సర్. రేపు పట్టుకురండి" అంది.

ఇంటికొచ్చి వార్తలు అంటించుకున్న రిజిస్టరు తీశాను. ఆరేళ్ళ కష్టం అందులో ఉంది. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా తిరగేస్తే నా పేరుతో ఒక్క వార్తా లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, మండల విలేకరి ఏం రాసినా పైన ఊరి పేరే వేస్తారు. రాసిందల్లా 'డుంబ్రిగుడ'. ప్రమాదమైనా డుంబ్రిగుడే రాసింది, జాతరైనా డుంబ్రిగుడే రాసింది. మనిషి పేరు పత్రికాఫీసు డెస్కులో ఎప్పుడో ఎగిరిపోతుంది. అయినా నా పేరు పేపర్లో అసలు రాలేదా అంటే, వచ్చింది. వార్త పైన కాదు, వార్త లోపల. అదెలాగంటే, "స్థానికుల మాట లేనిది వార్త కాదు, కనీసం ఇద్దరితో పేరు పెట్టి చెప్పించు" అని డెస్కువాళ్ళ నియమం. మా ఊళ్ళో బోరు పాడై నెలలు గడిచాయని ఊరంతా తిడుతుంది గానీ, పేరు వేస్తానంటే మాత్రం పింఛను ఆగిపోతుందని ఒక్కరూ ఒప్పుకోరు. సంతబజార్లో టీ కొట్టు నడిపే మా మేనత్త ఒక్కతే, "నా పేరు ఏసుకోరా. పేపర్లో ఏస్తే నా పేరుకేటి తరుగుతాదా?" అనేది. ఆవిడ ఒకరు. రెండో మనిషి ఎవరు? చేసేదేముంది, నేనే. 'బోరు పనిచేయక అల్లాడిపోతున్నాం: స్థానికుడు' అని నా పేరు నేనే వేసుకునేవాణ్ణి. ఏ మండలంలోనైనా మా విలేకరులందరూ చేసే పనే ఇది. ఆరేళ్ళలో నేను బోరు బాధితుణ్ణి, బస్సు రాని ప్రయాణికుణ్ణి, ఒకసారి పిప్పళ్ళకు ధర రాని రైతును కూడా అయ్యాను (మాకు పిప్పలి తీగ ఒక్కటీ లేదు).

మర్నాడు వాటిలో మంచివి మూడు ఏరి పట్టుకెళ్ళాను. తోడుగా మా అత్త కూడా వచ్చింది. ఆ మూడింట్లోనూ ఆవిడ పేరుంది మరి. రిజిస్ట్రేషన్ అమ్మాయి శ్రద్ధగా చదివింది. చదివేకొద్దీ ఆ పిల్ల కళ్ళల్లో నా మీద గౌరవం బదులు జాలి పెరుగుతోందని నేను గమనించాల్సింది. లోపలికెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చి, మా ఇద్దరికీ పచ్చ రిబ్బన్ల బ్యాడ్జీలు పెట్టి, నేరుగా వేదిక మీదికి తీసుకెళ్ళి ఇద్దరు కాఫీ రైతుల పక్కన కూర్చోబెట్టింది. శాలువాలు కప్పారు. నా ఛాతీ ఉప్పొంగింది. కింద మొదటి వరసలో అధ్యక్షులవారు నీలం రిబ్బనుతో కూర్చుని నన్ను తెల్లబోయి చూస్తున్నారు. నేను ఆయన్ని చూసి చిన్నగా తలూపాను కూడా. నీలం రిబ్బను విలేకరులకూ, పచ్చ రిబ్బను 'సమస్యలతో బాధపడుతున్న ప్రజల'కూ అని నాకు తెలిసేసరికి సభ మొదలైపోయింది.

ఆ సంఘం పెద్ద ఒక తెల్లజుట్టు ఎడిటరమ్మ. ఏ దేశమో గుర్తులేదు గానీ ముఖంలో మంచితనం ఉంది. ఆవిడ ఇంగ్లీషులో అడిగినవి తెలుగులో మాకు చెప్పే పని అధ్యక్షులవారికి అప్పగించారు. ఆవిడ నా వైపు వంగి, మీ ఊరి బోరు కష్టాన్ని లోకానికి ఎవరు తెలియజేశారని అడిగింది. అధ్యక్షులవారు నన్ను అడగను కూడా అడగకుండా, "మా సంఘ సభ్యులే మేడమ్" అని తానే జవాబిచ్చేశారు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ తెలుసు. ఆరేళ్ళ మంట ఒక్కసారిగా నెత్తికెక్కింది. శాలువా విసిరేసి లేచి, "ఏ సభ్యులండీ? ఏ సభ్యులు? ఆ వార్త రాసింది నేను!" అని అరిచాను. ఎడిటరమ్మకు అర్థం కాలేదేమోనని ఇంగ్లీషులో కూడా చెప్పాను. "ఐ రైట్ మేడమ్! ఐ సే, ఐ రైట్! బోత్ ఆర్ మీ ఓన్లీ!"

ఎడిటరమ్మ కళ్ళజోడు తీసి, "మీరు జర్నలిస్టా?" అంది. జీవితంలో మొదటిసారి ఒక సంఘం పెద్ద నన్ను ఆ మాట అడిగింది. "ఎస్ మేడమ్" అన్నాను గర్వంగా. "అయితే మీరు రాసిన వార్తలో మీరే గ్రామస్థుడిగా మాట్లాడారా?" అంది. అదే గర్వంతో, అదే ఊపులో, దానికీ "ఎస్ మేడమ్" అన్నాను. ఇక చూడండి. విలేకరి తన వార్తలో తానే సాక్షిగా నిలబడకూడదని వాళ్ళ నియమావళిలో ఉందట, అన్నిటికన్నా పెద్ద తప్పుల్లో అదొకటట. నా క్లిప్పింగును తెర మీద గోడంత చేసి చూపించారు. నా పేరు చుట్టూ ఎర్రగా గుండ్రం గీశారు. అంతవరకూ నన్ను విలేకరే కాదన్న అధ్యక్షులవారు లేచి, "ఇలాంటి విలేకరుల వల్లే వృత్తికి చెడ్డపేరు మేడమ్" అన్నారు. అంటే నేను విలేకరిననే కదా! ఒప్పుకున్నారు, అయితే శిక్ష వేయడానికి ఒప్పుకున్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అప్పుడు లేచింది మా అత్త, శాలువా భుజాన దోపుకుని. "ఏటండీ, గుంటణ్ణి అలా నిలబెట్టీసినారు? ఆడేటి తప్పు సేసినాడు? బోరు పాడైపోనాదన్నది నిజమా కాదా? నా ఇంట్లోనూ నీల్లు నేవు, ఆడింట్లోనూ నేవు. పేపరోడైతే దాహమెయ్యదేటి? ఆడు మా ఊరోడు కాదని మీలో ఎవరన్నా సెప్పండి, నాను కూకుంటాను." ఎడిటరమ్మ, ఈవిడేమంటోందన్నట్టు అధ్యక్షులవారి వైపు చూసింది. "శాలువాకి ధన్యవాదాలు చెబుతోంది మేడమ్" అన్నారాయన, చెమట తుడుచుకుంటూ. కానీ వెనక నుంచి ఆ రిజిస్ట్రేషన్ అమ్మాయి లేచి నిలబడి, మా అత్త మాటలు ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషులో వినిపించింది. ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఎడిటరమ్మ మిగతా రెండు క్లిప్పింగులూ తిరగేసి, మాకు పిప్పలి తోట లేదని నా చేతే చెప్పించింది. తరువాత, నియమం నియమమే, పిప్పలి వార్త మాత్రం ఎలా చూసినా తప్పే అంది (ఒప్పుకుంటాను). మరి వార్త పైన ఇతని పేరు ఎందుకు లేదని అడిగింది. మా పత్రికల పెద్దలు నలుగురైదుగురు ముందు వరసలో ఉన్నారు. అందరూ ఒకేసారి ఫ్యాను వైపు చూడటం మొదలుపెట్టారు. ఆవిడ తన కుర్చీలోంచి లేచొచ్చి, నా చేతిలోని బోరు వార్త తీసుకుని, నా పేరు అక్షరం అక్షరం అడిగి, 'డుంబ్రిగుడ' అన్న మాట పైన పెన్నుతో రాసి ఇచ్చింది. సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు. సభలో ఉన్న ఒక అధికారికి పరువు పోయినట్టనిపించి వారం తిరక్కుండా బోరు బాగుచేయించాడు. ఆ నీళ్ళతోనే టీ పెట్టి ఇస్తూ మా అత్త, "నాకు శాలువా ఇచ్చినారు, ఊరికి నీల్లిచ్చినారు. నీకేటిచ్చినార్రా?" అంది. ఆ కాగితం చూపిస్తే తడి చెయ్యి చీరకు తుడుచుకుని మరీ పట్టుకుంది.

సదస్సు వార్త రాసి పంపింది కూడా నేనే. 'మారుమూల విలేకరులకు పెద్దపీట' అని డెస్కువాళ్ళు శీర్షిక పెట్టి, అధ్యక్షులవారి పేరు మూడుసార్లు వేసి, పైన 'అరకు' అని అచ్చేశారు.

ఇప్పుడు నేను విశాఖపట్నంలో ఆ డెస్కులోనే ఉన్నాను. డెస్కులో చేరాక వర్కింగ్ జర్నలిస్టునయ్యాను కాబట్టి విలేకరుల సంఘం కార్డు జేబులో ఉంది, ఫొటోలో నేను ఎవరో పెద్దమనిషిలా ఉంటాను. ఇన్నేళ్ళలో ఎన్ని పేర్లు ఎగరగొట్టానో లెక్క పెట్టుకోలేదు, పెట్టుకుంటే నిద్రపట్టదు. మొన్న సీలేరు నుంచి ఒక వార్త వచ్చింది. మంచినీళ్ళ కుళాయి రావట్లేదని స్థానికుడు ఒకాయన వాపోయారు. ఆ పేరు ఎక్కడో చూశాననిపించింది. చూస్తే పంపిన విలేకరి పేరే. ఫోన్ చేసి గద్దించాను. అవతలి నుంచి ఆ కుర్రాడు, "ఏటి సెయ్యమంటారు సార్, ఇంకెవలూ పేరు ఏసుకోమనట్లేదు. నిజంగానే మా ఇంటికి నీల్లు రావట్లేదు" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. స్థానికుడి మాట కొట్టేశాను, నియమం నియమమే. ఆ పేరు మాత్రం తీసుకెళ్ళి 'సీలేరు' పైన పెట్టి పేజీ పంపేశాను. మర్నాడు మధ్యాహ్నానికల్లా మెమో వచ్చింది, మండల విలేకరుల పేర్లు వేయకూడదన్న సంగతి మరిచినందుకు సంజాయిషీ ఇవ్వాలని. అందులో నా పేరు అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో, ఒక్క తప్పు లేకుండా ఉంది. ఇంటికి తీసుకెళ్ళి పాత రిజిస్టర్లో బోరు వార్త పక్కన అంటించాను.