చల్లారిన ఇంజను ధర

సతార్‌కుల్ ధర ఒక్కసారే చెప్పేవాడు. రెండోసారి అడిగితే వినబడనట్టు టీ గిన్నె అందుకునేవాడు. తలాస్ లోయలో పాత ట్రాక్టరు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఆయన్నే పిలుచుకుపోయేది అందుకు. ఆయన నోట మాట పడిందంటే ఇక బేరం లేదు. ఇష్టమైతే చేతులు కలుపుకోవాలి, లేకపోతే ఎవరిళ్లకు వాళ్లు వెళ్లాలి.

ఆ పెద్దరికం ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. మీసం రాకముందే ఉమ్మడి వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టరెక్కాడు, జుట్టు నెరిసేదాకా దిగలేదు. తర్వాత ఆ క్షేత్రం విడిపోయింది. గొర్రెల్ని పంచడం తేలికే గాని ట్రాక్టర్లను ఎలా పంచుతారు? నాలుగిళ్లకు కలిపి ఒకటి వచ్చింది. ఒకరికి ఇంజను, ఒకరికి వెనక చక్రాలు, ఒకరికి నాగలి, మిగిలినవాళ్లకు మిగిలింది. చక్రాలాయనకూ ఇంజనాయనకూ మాటల్లేని రోజుల్లో ఆ ట్రాక్టరు ఎవరిదీ కాకుండా దొడ్లో పడివుండేది. దాన్ని ఎవరో ఒకరి చేతికి చేర్చాలంటే ఎవరి వాటా ఎంతో చెప్పే మనిషి కావాలి. సతార్‌కుల్ చెప్పాడు. అప్పట్లో పొద్దున ఉన్న డబ్బు విలువ సాయంత్రానికి ఉండేది కాదు. అందుకని పశువుల్లో చెప్పాడు. ఈ ఇంజను ఒక ఆవు, ఈ చక్రాలు రెండు గొర్రెలు, ఆ నాగలి ఒక గొర్రెపిల్ల. తర్వాత సోము అనే కొత్త డబ్బు వచ్చి నిలకడగా నిలబడ్డా ఆయన లెక్క మాత్రం పశువుల దొడ్డి దాటి బయటికి రాలేదు. డబ్బులోకి మార్చుకోవడం మీ పని అనేవాడు.

ప్రతిఫలం పుచ్చుకునేవాడు కాదు. కడుపునిండా భోజనం పెట్టాలి, వచ్చేటప్పుడు భార్య జూరాకు ఒక గుడ్డలో నాలుగు రొట్టెలు కట్టివ్వాలి, అంతే. "ఈయన పుణ్యమా అని నేను పిండి పిసికి ఏడాదైంది," అని జూరా నవ్వేది.

దొడ్లోకి అడుగుపెట్టగానే ఆయన ట్రాక్టరు చుట్టూ తిరిగేవాడు కాదు, చక్రాలను తన్నేవాడు కాదు. నేరుగా వెళ్లి ఇంజను మీద అరచెయ్యి పెట్టేవాడు, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు. చల్లగా ఉంటే సరే. వెచ్చగా ఉంటే మాత్రం అమ్మేవాడు తనకంటే ముందే లేచి ఏదో దాచాడన్నమాట. చలికి మొరాయించే ఇంజను ఒకసారి వేడెక్కిందంటే పెళ్లికొడుకులా నడుస్తుంది. కొత్త రంగు కనబడితే దాని కింద పగులు వెతికేవాడు. ఇంజను కడిగి తుడిచి ఉంటే నూనె ఎక్కణ్ణుంచి కారుతోందో తెలియకుండా చేశారనుకునేవాడు. ఈ మూడూ ఒక్కచోట కనబడితే భోజనానికి కూడా ఆగేవాడు కాదు.

ఈ సంగతి లోయంతా తెలుసు. ఆయన వియ్యంకుడు కెంజెబాయ్‌కి ఇంకా బాగా తెలుసు. పిల్లల పెళ్లివిందులో సతార్‌కుల్ స్వయంగా చెప్పిన కథలు ఆయనకు కంఠతా వచ్చు.

ఆ శరత్కాలం చిక్కుడు పంట బాగా పండింది. కెంజెబాయ్ చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. వచ్చే ఏటికి సాళ్ల మధ్య తిరిగే చిన్న ట్రాక్టరొకటి కావాలనుకున్నాడు. ఎగువ ఊళ్లో మురతాలీ భార్య బురుల్చా, మొగుడి ట్రాక్టరు అమ్మకానికి పెట్టిందని విని వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాడు.

 సతార్‌కుల్‌కి గేర్లు మార్చడం నేర్పింది మురతాలీయే. అతను పోయి రెండు చలికాలాలు గడిచాయి. చావుకి వెళ్లినప్పుడు ఆ ట్రాక్టరు దొడ్లోనే ఉండి ఉంటుంది. చావింట్లో ట్రాక్టరు ఎవరు చూస్తారు?

"బావగారూ, మీ స్నేహితుడి ఇల్లని మొహమాటపడరు గదా?" అన్నాడు దారిలో కెంజెబాయ్.

"మీకు పిల్లనిచ్చేటప్పుడే మొహమాటపడలేదు. ఇప్పుడెందుకు పడతాను?"

"పడుంటే బాగుండేది. పిల్లతోపాటు ఒక ట్రాక్టరు కూడా ఇచ్చేవారు."

బురుల్చా గుమ్మంలోనే నిలబడి ఉంది. కోడలిగా వచ్చిన నాటినుంచి భర్త వైపు మగవాళ్ల పేర్లూ, అతని స్నేహితుల పేర్లూ నోటితో పలకని మనిషి. ఇరవై ఏళ్ల వయసులో సతార్‌కుల్‌కి ఆవిడ పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది.

"వచ్చావా పెద్దచెవుల అబ్బాయ్. ఆ చెవులు ఇంకా పెరుగుతూనే ఉన్నట్టున్నాయే."

"నీ మాటలన్నీ పట్టాలి గదా వదినా."

ఆవిడ ఉన్న సంగతి దాచుకోలేదు. మోకాళ్లు పోయాయి, పొలం కౌలుకిచ్చేసింది. ఈ ట్రాక్టరుతో రెండు పాడి ఆవులు వస్తే మీగడ బజారుకి పంపుకుంటూ ఒకరి మీద ఆధారపడకుండా బతుకుతుంది. "మా ఊరి వ్యాపారి ఒక్క ఆవు ఇస్తానన్నాడు. నువ్వొచ్చి చెప్పేదాకా ఇవ్వనన్నాను. నువ్వెంతంటే అంత," అంది.

ముగ్గురూ దొడ్లోకి వెళ్లారు. చిన్న ట్రాక్టరు ఎండలో నిగనిగలాడుతోంది. మడ్‌గార్డులకు కొత్త నీలం రంగు, ఇంటి కిటికీలకున్న రంగే. ఇంజను పళ్లెంలా తోమి ఉంది. సతార్‌కుల్ అలవాటుగా చెయ్యి చాచి ఇంజను మీద పెట్టాడు.

వెచ్చగా తగిలింది.

ఆయన చెయ్యి తియ్యలేదు. కెంజెబాయ్ కూడా పక్కన తన చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత వియ్యంకుణ్ణి దొడ్డిగోడ దగ్గరికి తీసుకెళ్లాడు.

"వెచ్చన, రంగు, కడుగుడు. మూడూ ఉన్నాయి. పెళ్లిలో మీరు చెప్పిన మాటే మీకు చెబుతున్నాను. భోజనానికి కూడా ఆగకూడదు."

"ఆగండి బావగారూ."

"మీ స్నేహితుడి భార్య కాబట్టి ఆగాలా? ఇంకెవరైనా అయితే ఈపాటికి మనం సగం దారిలో ఉండేవాళ్లం."

అందులో తప్పేమీ లేదు. సతార్‌కుల్‌కీ అది తెలుసు. ఇప్పుడు వెనక్కి తిరిగితే సాయంత్రానికల్లా లోయంతా ఒకటే మాట: పెద్దచెవులాయనే వదిలేసిన ట్రాక్టరట. ఇక ఆ వ్యాపారి ఒక్క ఆవు కూడా ఇవ్వడు. తిరక్కపోతే ఇన్నేళ్ల తన మాట వియ్యంకుడి ముందే పలచనైపోతుంది.

ఆయన వెనక్కొచ్చి ఆవిణ్ణే అడిగాడు. "వదినా, ఇంజను ఎందుకు వేడి చేశావు?"

బురుల్చా ఆ ప్రశ్నకే ఆశ్చర్యపోయింది. "మరి చల్లటి దాన్ని చేతికిస్తారా ఎవరైనా? మంచు కురిసిన పొద్దున గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి ఒళ్లు సడలించాకనే కదా కొనేవాడికి చూపిస్తాం. మా నాన్న ఒక్క గుర్రాన్నయినా తోమకుండా, జూలు దువ్వకుండా అమ్మలేదు. మురికి గుర్రాన్ని తెస్తే కొనేవాణ్ణి అవమానించినట్టు. మూణ్ణాళ్లు కడిగాను దీన్ని. రంగు కిటికీలకు తెచ్చిందే, మిగిలితే వేశాను. బాగాలేదా?"

కెంజెబాయ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. బురుల్చా పుట్టిల్లు కొండమీద గుర్రాల మందలు కాసిన ఇల్లని ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు.

"చాలా బాగుంది వదినా," అన్నాడు సతార్‌కుల్. "గుర్రమైతే కళ్లకద్దుకుని కొనేవాణ్ణి. కాని ఇది పడుకుని లేచాక ఎలా ఉంటుందో చూడాలి. ఇవాళ నీ ఇంట్లోనే ఉంటాం."

"నీ మాటలు నమ్మలేకపోయినా నీ చెవుల్ని నమ్మాలి గదా. ఉండండి, పిండి కలుపుతాను."

"నాకు అర్థమైందిగాని," అన్నాడు కెంజెబాయ్ ఆవిడ లోపలికి వెళ్లాక. "ఆవిడ అమాయకంగా కడిగిందే అనుకుందాం. కారే నూనె అమాయకంగా కడిగినా పోతుంది గదా?"

"పోతుంది. తెల్లారేసరికి మళ్లీ వస్తుంది."

సతార్‌కుల్ ఇంట్లోంచి పాత వార్తాపత్రికలు తెచ్చి ట్రాక్టరు కింద ముందునుంచి వెనకదాకా పరిచి, గాలికి ఎగరకుండా రాళ్లు పెట్టాడు. నాగలిని లిఫ్టుతో పైకి లేపి అలాగే ఉంచి, అది ఎంత ఎత్తులో ఉందో చక్రం మీద సుద్దతో గీత గీశాడు. ఇక చెయ్యవలసిందల్లా తినడమే. బురుల్చా చేతి నూడిల్సు, మాంసం ముక్కలు, మీగడ, వేయించిన పిండి ముద్దలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. మురతాలీ ఒకసారి ట్రాక్టరు మీద కునుకు తీసి చిక్కుడు సాళ్లు దాటి పక్కవాడి పెళ్లిపందిట్లోకి తోలిన కథ ఆవిడ చెబుతుంటే కెంజెబాయ్‌కి పొలమారింది.

నడుం వాల్చాక సతార్‌కుల్ మనసు తన పని తాను చేసుకుపోయింది. రెండు ఆవులు అనుకున్నాడు. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో గమనించి ఉలిక్కిపడ్డాడు. ఇంకా చల్లటి ఇంజను చప్పుడైనా వినలేదు. ఆ రెండో ఆవు ట్రాక్టరుకి కాదు, మురతాలీకి. కెంజెబాయ్ డబ్బుతో తన స్నేహం తీర్చుకోవడం ఏం న్యాయం? తన దొడ్లోంచి ఒకటి తోలి ఇవ్వాలనుకుంటే ఎవరు వద్దన్నారు, అది వేరే సంగతి. దాన్ని ధరలో కలపకూడదు. అలా అనుకున్నాక నిద్ర పట్టింది.

పొద్దున దొడ్డంతా మంచు పేరుకుని తెల్లగా ఉంది. ఇంజను ఇనుపముద్దలా చల్లగా ఉంది. సతార్‌కుల్ ముందు వంగి పత్రికలు చూశాడు. ఇంజను కింద పొడిగా ఉంది. వెనక ఇరుసు కింద ఒకచోట మాత్రం నాణెమంత మరక. సుద్ద గీతకు నాగలి బెత్తెడు కిందికి దిగి ఉంది.

"స్టార్టు చెయ్యి వదినా. నీ చేతికి అలవాటైంది గదా."

మొదటిసారి దగ్గి ఊరుకుంది. రెండోసారి అందుకుంది. పొగ నీలంగా లేచి, ఇంజను కాస్త కుదురుకోగానే పలచబడి కనబడకుండా పోయింది. సతార్‌కుల్ నూనె పోసే మూత తీసి కన్నం మీద అరచెయ్యి పెట్టాడు. అరిగిపోయిన ఇంజనైతే అక్కణ్ణుంచి ఆయాసంతో ఊదుతుంది. ఇది ఊదలేదు. కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత కెంజెబాయ్‌ని ఎక్కించుకుని ఏటిగట్టు ఎక్కి దిగాడు. దిగుడులో మూడో గేరు అరిచిందిగాని జారలేదు.

తిరిగొచ్చి ఇంజను ఆపాడు.  బురుల్చా తలగుడ్డ కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఇంజను మా అన్న మనసుపెట్టి చూసుకున్నదే. ఇంకా చాలా ఏళ్లు దున్నుతుంది. లిఫ్టు దిగుతోంది, వెనక ఇరుసు కారుతోంది, మూడో గేరు అరుస్తోంది. ఒక పాడి ఆవు. ఒక తొలిచూలు పెయ్య, కడుపుతో ఉన్నది."

కెంజెబాయ్ పెదాలు కదిలాయి. ఆవు ఒక్కటే అనుకుని వచ్చాడు. పెయ్య మాట వినగానే బేరమాడబోయి, వియ్యంకుడి దగ్గర బేరం లేదని గుర్తొచ్చి ఆగిపోయాడు.

 బురుల్చా రెండు ఆవుల మీద ఆశ పెట్టుకున్న మనిషి. "మీ అన్న ఉంటే ఇంకొక మాట పెంచి చెప్పమనేవాడా?" అంది మెల్లగా.

"తగ్గించి చెప్పమనేవాడు వదినా. ఆ లిఫ్టు సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది."

ఆవిడకు నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. "తెలుసు. నాగలి కింద పిల్లిని కూడా పడుకోనిచ్చేవాడు కాదు. సరేలే. పెయ్య ఎండాకాలానికి ఈనితే రెండూ పాలిస్తాయి. పొదుగు చూసి నేనే ఏరుకుంటాను."

"మీరు పొదుగు చూడండి, నేను పళ్లు చూసి వయసు కడతాను," అని కెంజెబాయ్ చెయ్యి చాచాడు. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని చెయ్యి కలిపింది. "అక్కా, ఒక మాట. నిన్న మీ గురించి తప్పుగా అనుకున్నాను. వసంతంలో నా గోధుమరంగు గుర్రాన్ని అమ్ముతాను. మీరొచ్చి తయారుచెయ్యాలి. మా బావగారు మాత్రం దరిదాపుల్లోకి రాకూడదు."

చేతులు కలిపాక బురుల్చా ట్రాక్టరు ముందుకెళ్లి నిలబడింది. పశువు గడప దాటేముందు దాని మూతి కొంగుతో తుడుచుకుంటే ఇంటి భాగ్యం దాని వెంట పోదు. ఇంతకాలం ఆవిడ మూతి తుడవకుండా ఒక మేకపిల్లను కూడా పంపలేదు. ఇప్పుడు కొంగు పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"దీనికి నోరెక్కడ?"

"పొగ వచ్చేది ఇక్కడే గదా," అని కెంజెబాయ్ గొట్టం చూపించాడు.

"అది నోరు కాదు బావగారూ. ఆ చివర పని వేరు."

ముగ్గురికీ నవ్వు ఆపుకోవడానికి కాసేపు పట్టింది. డీజిల్ పోసే మూత దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు సతార్‌కుల్. తాగేది ఇక్కడే అన్నాడు. ఆవిడ ఆ మూత చుట్టూ ఓపిగ్గా, గుర్రప్పిల్ల మూతి తుడిచినట్టు తుడిచింది. తెల్లటి కొంగుకి నల్లటి మరక పడింది. దాన్ని లోపలికి మడిచి దోపుకుని, రొట్టెలు కట్టిన మూట తెచ్చి సతార్‌కుల్ చేతిలో పెట్టింది.

"ఇది జూరాకి. దార్లో నువ్వు తినకు."

ఏటిగట్టు దిగేటప్పుడు మడ్‌గార్డు మీద కూర్చున్న వియ్యంకుడి వైపు తిరిగి కెంజెబాయ్ గట్టిగా అరిచాడు. "మూడో గేరు అరుస్తోంది బావగారూ."

"అరుస్తుందనే పెయ్య చెప్పాను, ఆవు చెప్పలేదు. తోలండి," అన్నాడు సతార్‌కుల్, రొట్టె తుంపుతూ.