రోస్విటా చెప్పిన కిటుకు

రోస్విటాకు ఉద్యోగం పోవడం అది రెండోసారి. తూర్పు జర్మనీ ఉన్న రోజుల్లో వోల్ఫెన్ ఊళ్లో ఫొటో ఫిల్ము ఫ్యాక్టరీ చీకటిగదుల్లో పనిచేసింది. రెండు జర్మనీలూ కలిసిపోయాక అది మూతపడింది. పదేళ్లు ఆఫీసుల్లో నేల తుడిచింది. తర్వాత సర్కారు ఎండ కరెంటుకు మంచి ధర కట్టి, ఫ్యాక్టరీలు పెట్టేవాళ్లకు చేతినిండా రాయితీలివ్వడంతో ఊరి పక్క బీటుదుంప పొలాల్లో సోలార్ పలకల ఫ్యాక్టరీ లేచింది. నలభై మూడేళ్ల వయసులో ఆమెకు మళ్లీ పని దొరికింది. పలుచటి పలకలో వెంట్రుకవాసి పగులున్నా ఆమె వేళ్లకు తెలిసిపోయేది.

పదకొండేళ్లు సుఖంగానే గడిచాయి. ఈలోగా చైనా సర్కారు తనవాళ్లకు ఇంతకు మించి ఇచ్చింది: భూమి చవక, అప్పు చవక, కరెంటు చవక. ఇక్కడ ముడిసరుకుకయ్యే ఖర్చుకే అక్కడి పలకలు ఓడల్లో వచ్చి దిగసాగాయి. ఇక్కడేమో రాయితీలు కోసేశారు. 2012 వసంతంలో ఫ్యాక్టరీ దివాలా తీసింది. యంత్రాలను చైనా కంపెనీ ఒకటి కొనుక్కుంది. వాటిని నడిపి చూపించి, విప్పి పెట్టెలకెత్తడానికి పన్నెండుమందిని నెలరోజులు ఉంచారు. వాళ్లలో రోస్విటా, ఆమె అక్క మొగుడు ఊవె ఉన్నారు.

పలకల్ని కాల్చే కొలిమి తర్వాతి బెల్టుకు ఒక తిక్క ఉంది. వేడెక్కాక దాని మరను పావు చుట్టు వదులు చెయ్యకపోతే పదింట ఒక పలక చిట్లుతుంది. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

"మరదలా, ఆ బెల్టు ఊసెత్తావంటే ఊరుకోను," అన్నాడు ఊవె. "మన నోటికాడి కూడు లాక్కున్నోళ్లకి విస్తరి కూడా వేస్తావా? పగలనీ, ఏడవనీ."

ఆమె రెండు వారాలు నోరు మెదపలేదు. చైనా నుంచి వచ్చిన ఇంజినీరు షెన్ యూలాన్ రోజూ నేలమీద కూర్చుని చిట్లిన పలకల ముక్కలు ఏరుకునేది. ఒకరోజు ఆమె వేలు తెగింది. రోస్విటా గుడ్డ చుట్టింది.

"మా ఊళ్లో నాలుగు ఫ్యాక్టరీలుండేవండీ," అంది షెన్ వచ్చీరాని జర్మన్‌లో. "నిరుడు రెండు మూసేశారు. పక్క జిల్లా సర్కారు అక్కడోళ్లకి మాకంటే ఎక్కువిచ్చింది మరి. ఈ యంత్రాలు ఆడకపోతే మాదీ అంతే. మూడొందలమంది ఆడాళ్లం."

"వయసెంతుంటుంది వాళ్లకి?"

"కొందరికి మీ అంతే."

రోస్విటా లేచి బెల్టు దగ్గరకు తీసుకెళ్లి, షెన్ చెయ్యి పట్టుకుని మరను పావు చుట్టు వదులు చేయించింది. పలకలు ఒక్కటీ చిట్లకుండా వరసగా వచ్చాయి. వెనక ఊవె నిలబడి ఉన్నాడు.

"ఎంతకి అమ్ముడుపోయావే?"

"ఎవరూ ఏమీ ఇవ్వలేదు బావా. మంచి సరుకు కళ్లముందు ముక్కలవుతుంటే చూళ్లేకపోయా."

అతను చేతి తొడుగులు విసిరికొట్టి వెళ్లిపోయాడు. ఆ ఆదివారం కాఫీకి అక్క పిలవలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ పిలవలేదు.

రోస్విటా వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయించే పనిలో చేరింది. మరుసటేడు శరత్కాలంలో షెన్ ఉత్తరం రాసింది. యంత్రాలు బాగానే ఆడాయట. పలకల ధర ఇంకా పడిపోయి జూలైలో ఫ్యాక్టరీ మూసేశారట. మూడొందలమందీ ఇళ్లకు పోయారు.

రోస్విటా ఆశ్రమం నుంచే అక్కకు ఫోన్ చేసింది. ఊవె ఎత్తాడు.

"అక్కడ కూడా మూసేశారు, బావా."



"మంచి పనైంది," అని ఫోన్ పెట్టేశాడు.

పన్నెండో నంబరు గదిలో ముసలామె స్నానానికి ఎదురుచూస్తోంది. రోస్విటా చొక్కా చేతులు పైకి మడుచుకుని అటు నడిచింది.