కంటికి కనబడని వ

జంపఖానాలకు నమూనాలు గీయడం నా వృత్తి. గ్రాఫు కాగితం మీద గడికో రంగు నింపి ఇస్తే, వరంగల్ కొత్తవాడలో మగ్గం మీదివాళ్ళు దాన్ని చూసి నేస్తారు. నా చదువు పదో తరగతితో ఆగింది. తర్వాతి లెక్కలన్నీ పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవే. అందుకే ఏ సంఖ్యనైనా రెండోసారి చూడనిదే నమ్మను. ఇంట్లో అందరికీ ఇదొక నవ్వులాట.

మా అక్క కూతురు ఊళ్ళోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోంది. ఒకరోజు లాప్‌టాప్‌తో వచ్చి, తెర నిండా గళ్ళు చూపించింది.

"మామూ, ఇది గూడ నీ గ్రాఫు లెక్కనే. కాకపోతే గడిల రంగు లేదు, కోణముంది. జర చెక్ చెయ్యవా?"

ఒక్కో గడిలో నోరు తెరిచిన గాజులాంటి చిన్న రాగి చుట్టు ఉంది. పక్కపక్కనున్న ఏ రెండు చుట్లూ ఒకేవైపు నోరు తెరవలేదు. పల్చటి ప్లాస్టిక్ పొర మీద ఇలా రాగి గళ్ళు పరిస్తే దాన్ని మెటాసర్ఫేస్ అంటారట. దాని మీదికి టెరాహెర్ట్జ్ అలలను పంపుతారు. అవి మొబైల్ అలల కన్నా పొట్టివి, టీవీ రిమోట్ అలల కన్నా పొడుగువి, మన కంటికి ఆనవు. గింగిరాలు తిరుగుతూ వచ్చే అలను ఒక్కో చుట్టు తన కోణాన్ని బట్టి కాస్త ముందుకో వెనక్కో జరిపి వదులుతుంది. అన్నీ సరిగ్గా జరిపితే, పొరకు అవతల గాలిలో అలలన్నీ కలిసి ఒక బొమ్మ కడతాయి. అదే హోలోగ్రామ్. ఆమె ఎంచుకున్న బొమ్మ వరంగల్ మొదటి అక్షరం, వ.

ఆమె వాడే అల పొడవు ఒక మిల్లీమీటరు. నా గ్రాఫు కాగితంలో చిన్న గడి కూడా అంతే. ఆ ఒక్క మాటతో నాకు లెక్క మీద ప్రేమ పుట్టింది. గడి నుంచి బొమ్మలోని చుక్క దాకా దూరం కట్టాలి, అల పొడవుతో భాగించాలి. భాగఫలం ఎంతైనా దానితో పనిలేదు, శేషమే కావాలి. ఆ శేషమే కోణమవుతుంది. కొన్ని వరుసలు ఏరుకుని చేత్తో కట్టి చూశాను. ఆమె ప్రోగ్రామ్ ఎక్కడా తప్పలేదు. కొంచెం నిరాశపడ్డానని కూడా చెప్పాలి.

హైదరాబాదులో రాగిరేకు చెక్కే దుకాణం నుంచి పొర తయారై వచ్చింది. అయితే కాలేజీలోని పరికరం మర్నాడే మరమ్మతుకు పోతోంది, ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ సాయంత్రంలోగా బొమ్మ రాకపోతే ఆ అధ్యాయాన్ని థీసిస్‌లోంచి తీసేయాలని వాళ్ళ గైడు సారు ముందే చెప్పాడు. ఆమె అన్నిటికంటే ఇష్టంగా చేసిన పని అదే. తోడు రమ్మంటే వెళ్ళాను.

పొరకు ఇవతల ఒక పెట్టె అలలు వెదజల్లుతుంది, అవతల గ్రాహకం అటూ ఇటూ కదులుతూ ఒక్కో చుక్క దగ్గర అలల బలం కొలుస్తుంది. తెర మీద బొమ్మ వరుస వెంట వరుస, అచ్చం నేతలా పెరగాలి. వరుసలైతే వచ్చాయి, వ రాలేదు. బూడిద చల్లినట్టు తెరంతా ఒకే మసక.

సారు గడియారం చూశాడు.

ఆమె దుకాణానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "భయ్యా, నా డ్రాయింగ్ ఉన్నదున్నట్టే చెక్కిన్రా?"

"అట్లెట్ల చెక్కుతం మేడం? అద్దంల లెక్క తిప్పి ఫిల్మ్ తీస్తం. సిరా వైపు రాగికి తగలాలె గదా. ఎవరిదైనా అంతే."

ఆమె తల పట్టుకుంది. "తిప్పియ్యాలని మా సీనియర్ చెప్తే, నేను తిప్పే పంపిన."

"మరి చెప్పద్దా మేడం!"

"అంటే పులుసుల అత్త ఉప్పేసింది, కోడలూ ఏసింది," అన్నాను. సారు కూడా నవ్వాడు. కానీ నష్టం నష్టమే. ఫిల్మును రాగి మీద బోర్లిస్తే బొమ్మ ఎలాగూ తిరగబడుతుంది, అందుకు ముందుగా ఒక్కసారి తిప్పితే సరిపోయేది. రెండుసార్లు తిప్పడంతో చుట్లన్నీ ఎదురు కోణానికి పోయాయి. ముందుకు జరగాల్సిన అల వెనక్కి జరుగుతోంది, ఒకచోట కూడాల్సినవి చెదిరిపోతున్నాయి. కొత్త పొర రావాలంటే వారమన్నా పడుతుంది.

ఆమె పొరను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టింది. కాసేపు అలాగే చూసి గభాల్న నా వైపు తిరిగింది.

"మామూ, పేరు నేసిన జంపఖానా ఉల్టా పరిస్తే అక్షరాలు తిరగబడ్తయి గదా. అప్పుడేం జేస్తం?"

"తిరగేసి పరుస్తం."

"ఇది గూడ అంతే! వెనక నుంచి చూస్తే ప్రతి చుట్టూ సరైన కోణంల ఉంటది."

"ఆగు బేటా, కాగితం మీద ఒక్కసారి..."

"నువ్వు కట్టుకుంట కూసో. నేను తిప్పి పెడ్త."

"ఇప్పుడు అల ముందు ప్లాస్టిక్‌ల నుంచి పోవాలె," అన్నాడు సారు.

"పల్చటిదే సార్. కొంచెం మసక వస్తదేమో, బొమ్మైతే పోదు."

ఇంతవరకు అలల పెట్టె దిక్కున్న రాగి వైపు ఇప్పుడు గ్రాహకం దిక్కుకు వచ్చింది. నేను జేబులోంచి కాగితం తీసి ఒక గడి కోణాన్ని తిప్పి చూస్తున్నాను. లెక్క సగంలో ఉండగానే ఆమె నా భుజం మీద గట్టిగా కొట్టింది. తెర మీద అడుగున ఒక తెల్లటి వంపు. దాని మీద ఇంకో వరుస. ఎడమవైపు చుట్టు మూసుకుంది, కుడివైపు తోక లేచింది, చివర తలకట్టు వచ్చింది. ముగ్గురం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి చూశాం.

సారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇది వ నా, ప నా?"

"సార్!"

"సరే సరే, వ నే. అధ్యాయం ఉండనియ్యి. కానీ పొర ఎందుకు తిప్పి పెట్టినవో అందుల రాయాలె. దాచద్దు."

"ఉప్పు సంగతి గూడనా సార్?"

"అది వైవాల అడుగుత," అన్నాడాయన.