మెట్ల మీద కట్టిన చరణం

తార్నాక చౌరస్తా నుంచి వచ్చిన ఊరేగింపు నా స్నేహితుడి ఇంటి ముందు ఆగి, నేను కట్టిన చరణాన్నే అరిచింది. "మూట గట్టు తమ్మీ, బండి కూతేసింది!" వాడు కిటికీ దగ్గర నిలబడి విన్నాడు. నేను గుంపులోనే ఉన్నాను. వాళ్లతో కలిసి అరవలేదు. ఆపమనీ అనలేదు.

అరవైల చివర. ప్రత్యేక రాష్ట్రం కోసం యూనివర్సిటీ అట్టుడుకుతున్న రోజులు. అంతకు ముందు ఏడాది ఆ చరణం ఉత్త వేళాకోళం. క్లాసులయ్యాక క్యాంటీన్ వెనక మెట్ల మీద మేం మాటల పోటీ పెట్టుకునేవాళ్లం. ఒకడు రేకు డబ్బా మీద దరువు వేస్తాడు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, అప్పటికప్పుడు చరణాలు కట్టి దెప్పుకోవాలి. అవతలివాడి చివరి మాటతోనే జవాబు ఎత్తుకోవాలి. కోపం వచ్చినవాడు ఓడినట్టు. ఇప్పటి పిల్లలు అదే క్యాంపస్‌లో హిప్‌హాప్ అంటూ గుండ్రంగా నిలబడి ర్యాప్‌లో తలపడుతుంటే కాసేపు ఆగి వింటాను. ఎక్కువసేపు ఉండలేను.

నేను ఇక్కడి రైతు ఇంటివాణ్ణి. నలుగురిలో మాట పెగిలేది కాదు. వాడు గుంటూరు వైపు నుంచి వచ్చిన బడి పంతులుగారి కొడుకు, చర్చిలో డోలక్ వాయించేవాడు. నాకు మాట నేర్పింది వాడే.

"ఒరేయ్, ఎందుకా పరుగు? ఒక దెబ్బ ఆగు, అప్పుడు మాట వెయ్యి" అనేవాడు. పత్రికలో చేరాక వార్త రాయడానికి అంతకు మించిన పాఠం నాకెవరూ చెప్పలేదు.

నేను ఆ చరణం విసిరిన రోజు వాడు ఒక దెబ్బ ఆగి, "కూతేసింది బండి కాదు బాబోయ్, కూసింది నువ్వే!" అన్నాడు.

"ఖతం అయినవ్ పో బై! ఇగ ఇంటికి నడువ్!" అంటూ దరువు వేసేవాడు డబ్బా వదిలేసి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఉద్యమం మొదలయ్యాక, ఆ రోజు నవ్వినవాళ్లే నా చరణాన్ని వీధిలోకి తీసుకెళ్లారు. వాడి జవాబును మెట్ల మీదే వదిలేశారు. అది ఆటలోని మాట, బయటికి వద్దు అని నేను చెప్పవలసింది. "మస్తు కట్టినవ్ భాయ్" అంటుంటే గర్వపడ్డాను.

ఊరేగింపు వచ్చిన వారం తిరిగేసరికి వాడి ఇంటికి తాళం పడింది. పంతులుగారు బదిలీ చేయించుకున్నారని చర్చిలో ఒకరు, ఉద్యోగమే వదిలేశారని మరొకరు చెప్పారు. వాళ్ల పాత ఊరికి నేను రాసిన మొదటి ఉత్తరం, ఆ పేరుగలవారు లేరన్న రాతతో తిరిగి వచ్చింది. మేనమామ చిరునామా సంపాదించి రాసిన రెండోది తిరిగి రాలేదు, దానికి జవాబూ రాలేదు.